పక్క షెడ్డు నడుస్తున్నంతసేపు

మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. నింద కాదు, ఉన్న మాట. మా బాపు నర్సింగం, ఆయన తమ్ముడు మా చిన్నాయన తిరుపతయ్య, ఇద్దరూ మీసాలు సరిగ్గా రాకముందే సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద పడ్డారు. సాంచ అంటే మావాళ్ల మాటల్లో మరమగ్గం. ఒకే రేకుల కప్పు కింద అన్ని సాంచాలు ధనధనలాడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా ఊపిరి తగులుతుంది తప్ప మాట అందదు. బతుకంతా అందులో గడిపిన మనిషి ఇంటికొచ్చి "ఉప్పు అందియ్యి" అన్నాడంటే గల్లీ మొదట్లో పడుకున్న కుక్క లేచి నిలబడుతుంది. కొత్తగా వచ్చిన కోడళ్లు మొదట్లో అది పోట్లాట అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఏడాది తిరక్కుండా వాళ్లూ అలాగే అరుస్తారు.

అందుకే సూరత్‌లో లింబాయత్ బస్తీలోని మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మా గోడకు ఆనుకుని ఎవరిదో చిన్న సాంచాల షెడ్డు. అది నడవడం మొదలుపెడితే మా అల్మారాలో గిన్నెలు వణుకుతాయి. గుట్టు మాట ఏదైనా సరే, ఆ షెడ్డు నడుస్తున్నప్పుడే మాట్లాడుకోవాలి. మా అమ్మ ఊర్మిళ ఎవరి మీదైనా చాడీలు చెప్పాలనుకుంటే ముందు గోడ మీద అరచెయ్యి పెట్టి చూస్తుంది. గోడ అదురుతుంటే మొదలుపెడుతుంది. అదరకపోతే నోరు మూసుకుని బియ్యం ఏరుకుంటుంది. ఈ అలవాటు ఇంట్లో అందరికీ ఉంది.

నా పేరు మౌక్తిక. మున్సిపల్ తెలుగు బడిలో పంతులుగారు పెట్టిన పేరు. బాపుకు నోరు తిరగక ముత్యం అంటాడు. అమ్మ మిరపకాయ అంటుంది. నాకు కోపం ఎక్కువట. మా ఇంట్లో ఒక్క వారం ఉండి చూసి అప్పుడు అనమనండి ఆ మాట! నేనొక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. కరోనా వచ్చి బడి మూతపడ్డాక, దూరవిద్యలో సగం చదివి వదిలేసిన ఎమ్మే చరిత్ర మళ్లీ పట్టుకున్నాను. చివరి ఏడాది వ్యాసానికి నేను తీసుకున్న విషయం, అమెరికా రష్యాలు అణుబాంబులు చేతిలో పెట్టుకుని ఒకరినొకరు గుడ్లురిమి చూసుకున్న రోజులు. ముఖ్యంగా 1962లో క్యూబా గొడవ.

"వాళ్లు కొట్లాడుకోకుండనే సల్లబడ్డరు గద. నువ్వెందుకే మళ్ల లేపుతున్నవు?" అని అమ్మ.

"కొట్లాడుకోకుండా ఎట్ల సల్లబడ్డరో అదే నా చదువు" అన్నాను.

"గా చదువేదో ముందుగాల మనింట్ల చదువు" అంది అమ్మ. ఆమె అన్నదీ నిజమే.

ఎందుకంటే అప్పటికి మా ఇల్లే రెండు దేశాలుగా చీలి ఉంది. కింద మేము, పైన చిన్నాయన వాళ్లు. అన్నదమ్ములు కలిసి కట్టుకున్న ఇల్లు. నీళ్ల మోటరు కింద మా వైపు, డాబా పైన వాళ్ల వైపు, మధ్యలో ఒకే మెట్ల దారి. లాక్‌డౌన్‌లో కార్పొరేషన్ సర్వేవాళ్లు ఇంటింటికీ తిరుగుతూ, దగ్గు జ్వరం ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. బాపు లేరన్నాడు. పై కిటికీలోంచి చిన్నాయన గల్లీ అంతా వినబడేలా, "మా అన్నకు దగ్గున్నది, రాసుకోండ్రి!" అని హిందీలో అరిచాడు. అంబులెన్సు వచ్చింది. గల్లీ గల్లీయే బాల్కనీల్లోకి వచ్చి చూస్తుండగా బాపు సంచి పట్టుకుని ఎక్కాడు. తీరా పరీక్ష చేస్తే ఏమీ లేదని తేలింది. ఇంటికి తిరిగొచ్చాక బాపు అన్నది ఒకటే మాట. "దొంగను పట్టిచ్చినట్టు పట్టిచ్చిండు, నా తోడబుట్టినోడు."

మర్నాడే మోటరు గదికి తాళం పడింది. బాపు దయ తలిస్తే పైకి నీళ్లు. దానికి జవాబుగా చిన్నాయన మెట్ల పైన ఇనుప గేటు బిగించాడు. ఇక డాబా మీద మా బట్టలు ఆరవు. బాపు నీళ్ల సమయం ఇంకా తగ్గించాడు. పైన వైఫై పాస్‌వర్డ్ మారిపోయింది. చిన్నాయన కూతురు ప్రసన్న రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో ఒక దుకాణానికి ఆన్‌లైన్ ఆర్డర్లు చూస్తుంది, ఇంటి నుంచే పని. ఆ వైఫై మీదే నా చదువంతా నడుస్తోంది. నేను బాపు తాళంచెవి కొట్టేసి దొంగచాటుగా మోటరు వేస్తే, ప్రసన్న గేటు సందులోంచి కొత్త పాస్‌వర్డ్ చెప్పేది. గూఢచారులం అయిపోయాం ఇద్దరం. పెద్దవాళ్ల బుద్ధి ఇంత బాగుంటే పిల్లలు ఇంకేం చేస్తారు!

బాపుకు నా చదువంటే సరదా. సాయంత్రం చాయ్ తాగుతూ, "ఇయ్యాల ఏడికొచ్చింది బిడ్డా కథ?" అనేవాడు. ఆయనకు చెప్పాలంటే గొంతు చించుకోవాలి. దాంతో నా పాఠం గేటు దాటి పైకి కూడా వెళ్లేది.

"అమెరికా పక్కన చిన్న దీవి! క్యూబా! రష్యా అక్కడ బాంబులు మోసే క్షిపణులు తెచ్చి పెట్టింది! అమెరికా ఓడలు సముద్రంలో అడ్డం నిలబడ్డాయి!"

"మంచిగ చేసిండు. ఇంటి మీదికొస్తే ఊకుంటడా?" అని బాపు అమెరికా వైపు చేరాడు.

పైనుంచి గొంతు. "రష్యా పక్కన టర్కీల ముందుగాల క్షిపణులు పెట్టినోడెవడో గదిగూడ చెప్పుమను!"

నేను బిత్తరపోయాను. టర్కీ సంగతి అంతకు ముందురోజు చెప్పిన పాఠం. అంటే చిన్నాయన రోజూ మెట్ల మీద కూర్చుని వింటున్నాడన్న మాట. పైగా ఆయన అన్నది నిజమే. అమెరికా క్షిపణులు టర్కీలో ముందే ఉన్నాయి. "అవును చిన్నాయనా" అని అరిచాను. బాపు నా వైపు గుర్రుగా చూశాడు. పాఠం కొనసాగించాలని, "అడ్డం నిలబడ్డామంటే యుద్ధం మొదలైందని అర్థం వస్తుంది కాబట్టి, అమెరికా దానికి క్వారంటైన్ అని పేరు పెట్టింది" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పలకరు. బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. పైన తలుపు పడిన చప్పుడు.

వానలు మొదలయ్యేసరికి కార్ఖానాలు తెరిచారు. ఒరిస్సా వాళ్లు, యూపీ వాళ్లు ఊళ్లకు వెళ్లిపోయి మనుషులు దొరకని రోజులు. కార్ఖానా యజమాని సేఠ్ అన్నదమ్ములిద్దరినీ పిలిపించాడు. ఎన్నో ఏళ్లుగా ఇద్దరూ పక్కపక్క వరుసల్లో పనిచేస్తున్నవాళ్లు. ఈసారి చిన్నాయన రాత్రి పాళీ అడిగి తీసుకున్నాడు. అన్న మొహం చూడక్కర్లేకుండా.

అప్పుడు బయటపడింది అసలు సంగతి.

ఒక సాయంత్రం మా ఎదురింటి బుచ్చిరాములు గడపలోకి వచ్చాడు. ఆయన ఆ కార్ఖానాలో మాస్టరు, సాంచాల మంచీ చెడూ చూసేది ఆయనే. ముక్కుసూటి మనిషి, మొహమాటం అన్నది పుట్టుకతోనే లేదు. "నర్సింగం, పోగు తెగినంక గంతసేపు సాంచ నడిస్తే ఎట్లనే? పోగు లేకుంటనే నాడె ఉట్టిగ అటు ఇటు కొట్టుకుంటున్నది. నీకు ఇనబడలేదా?" అన్నాడు.

"చాయ్ తాగవోయిన" అన్నాడు బాపు.

"గిట్ల రెండోసారి. చెవులు కండ్లు సరిగ్గ లేనోళ్లను సాంచాల కాడ ఉంచద్దని సేఠ్ ఖరాఖండిగ చెప్పిండు. చెయ్యి పోతే ఎవలు జవాబు చెప్పాలె? ఇంకోసారి అయితే నేను చెప్పక తప్పది."

ఆయన వెళ్లాక బాపు సాంచ పాతదైందని, మోటరు బాగాలేదని ఏవేవో అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి అమ్మను నిలదీశాను. అమ్మ గోడ మీద చెయ్యి పెట్టింది. షెడ్డు నడుస్తోంది.

"మీ బాపుకు ఎన్నడో పోయినయే చెవులు" అంది. "ఎదుటోళ్ల పెదవులు చూసి, ఊహ చేసి నెట్టుకొస్తున్నడు. కార్ఖానల ఆయన చెవులు మీ చిన్నాయన తిరుపతి దగ్గరుంటుండె. పోగు తెగితే పక్క వరుసకెల్లి తిరుపతి చెయ్యి ఊపుతడు, ఈయన పోయి సూస్తడు. గింతే. ఎన్నేండ్ల సంది నడుస్తున్నదో. వాళ్లిద్దరు గూడ దాన్ని నోటితోని ఎన్నడు అనుకోలే."

సాంచాల దగ్గర మాటలు పనిచేయవు కాబట్టి అందరికీ చేతి సైగలుంటాయి. రెండు వేళ్లు దగ్గర పెట్టి విడదీస్తే పోగు తెగిందని. గుప్పిట నోటి దగ్గరికి తెస్తే చాయ్‌కి పోదామని. కంటి కింద వేలు పెట్టి, ఆ చేతినే ఎదుటివాడి సాంచాల వైపు చాపితే, నువ్వు పోయి రా, నీ సాంచాలు నేను చూసుకుంటా అని. చిన్నప్పుడు బువ్వ తీసుకెళ్లినప్పుడు బాపు, చిన్నాయన అలా చేతులతో మాట్లాడుకుంటుంటే నాకు భలే ముచ్చటగా ఉండేది. ఆ చేతుల్లో ఇంత కథ ఉందని నాకేం తెలుసు! సాంచాలు లేకపోతే బాపు ఏమైపోతాడు? సెలవు రోజున కూడా కూర్చున్నచోట వేళ్లు ముడులు వేస్తూనే ఉంటాయి ఆయనకు.

అలాంటి సమయంలో చిన్నాయన పిడుగు వేశాడు. ఉన్ అనే చోట ఇల్లు కిరాయికి చూశాడట. అక్కడే ఏదో కార్ఖానాలో చేరతాడట. నూలు పున్నమి, అంటే మా పద్మశాలీలు జంధ్యాలు మార్చుకునే పండగ, అది వెళ్లగానే సామాను బండి వస్తుందట. ఉన్ ఏమీ సముద్రాల అవతల లేదు, సూరత్ అంచునే, సచిన్ అనే ఊరికి పోయే దారిలో ఉంది. కానీ బాపు పక్క వరుసలోంచి చూస్తే అది సముద్రం అవతలే.

"అక్కా, మా బాపుకు గూడ పోవాలని లేదే" అంది ప్రసన్న గేటు సందులోంచి. "రోజు మా అమ్మతోని అంటున్నడు, అన్న ఆ తాళం తీస్తే సాలు, నేను ఆగుత అని."

"మా బాపు ఆ గేటు తీస్తే సాలు అంటున్నడు."

"మరి ఇద్దర్ల ఎవలో ఒకలు..."

"అదే గదే! అమెరికా వాడూ రష్యా వాడూ కూడా అక్కడే ఆగిండ్రు" అన్నాను. యుద్ధం ఇద్దరికీ వద్దు. వెనక్కి తగ్గితే పదిమందిలో పరువు పోతుంది. నేను నెలల తరబడి చదివిన పుస్తకాల సారం అంతా ఈ రెండు ముక్కలే. చదివినదాన్ని ఇంట్లో వాడలేకపోతే ఆ చదువును మడిచి అల్మారాలో పెట్టుకోవాలి.

ఆ ఆదివారం పొద్దున అవకాశం దానంతటదే వచ్చింది. చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, సర్వపిండి చేసి, బావకు, అంటే మా బాపుకు, ఇష్టమని ఒక పళ్లెంలో పెట్టి ప్రసన్నతో గేటు పైనుంచి అందించింది. పళ్లెం బాపు ముందు పెట్టానో లేదో, పైనుంచి చిన్నాయన కేక. "సామాను బండి మాట్లాడొచ్చిన! ఇగ ఎవలతోటి మాకు మాటల్లేవు!"

బాపు నా మొహం చూసి ఏమైందని సైగ చేశాడు, పెదవులు కదిపి చెప్పాను. పళ్లెం అవతలికి నెట్టేశాడు. "తీసుకపోయి ఇచ్చెయ్యి."

నాకు ఒళ్లు మండింది. పళ్లెం మళ్లీ ఆయన ముందుకు జరిపి, పెదవులు కనబడేలా ఎదురుగా కూర్చున్నాను. "బాపూ, ఇను. రష్యా నుంచి అమెరికాకు రెండు ఉత్తరాలొచ్చినయి. మొదటిది మెత్తగ ఉన్నది. తాడుకు ముడి పడ్డది, చెరో దిక్కు లాగితే ఇంకా బిగుస్తది అని రాసిండు."

"నేతోడా ఏంది ఆయన?" అన్నాడు బాపు.

"కాదు, ఆ దేశానికి పెద్ద. రెండోది కటువుగ వచ్చింది. అమెరికావాళ్లు ఏం చేసిండ్రు తెలుసా? మెత్తటిదానికి జవాబు రాసిండ్రు. కటువుది రానట్టే ఉన్నరు. ఇప్పుడు నీకు రెండొచ్చినయి. ఒకటి సర్వపిండి, ఒకటి కేక. దేనికి జవాబిస్తవో నీ ఇష్టం."

బాపు చాలాసేపు పళ్లెం వైపు చూశాడు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. తలెత్తి మెట్ల వైపు తిరిగి, "మంచిగున్నది! జర ఉప్పు తక్కువైంది!" అని అరిచాడు.

పైనుంచి చిన్నమ్మ గొంతు. "ఉప్పు సరిగ్గనే ఏసిన బావా!"

గేటు పడ్డాక కిందికీ పైకీ జరిగిన మొదటి సంభాషణ అది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇనుము వేడి మీదుండగానే నేను మిగతా పాఠం కూడా చెప్పేశాను. క్యూబాలో రష్యా తన క్షిపణులు అందరూ చూస్తుండగా తీసేసింది. టర్కీలో అమెరికా తనవి కూడా తీసేసింది, కానీ కొన్ని నెలలు ఆగి, ఇందుకే తీశామని ఎవరికీ చెప్పకుండా. ఆ ఒప్పందం ఏళ్ల తరబడి గుట్టుగా ఉంది. "ఇద్దరి పరువూ నిలబడింది బాపూ. నీ దగ్గర కూడా ఇయ్యడానికి ఒకటుంది గద."

బాపు పళ్లెం ఖాళీ చేశాడు.

మధ్యాహ్నం సన్నగా జల్లు పడుతోంది. గల్లీలో ఆడవాళ్లు గడపల్లో కూర్చుని కబుర్లాడుతున్నారు. ఎదురింటి అరుగు మీద బుచ్చిరాములు చాయ్ తాగుతున్నాడు, పక్కన ఆయన భార్య. బాపు నన్ను ముందు గదిలోకి రమ్మని సైగ చేశాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. షెడ్డు జోరుగా నడుస్తోంది. చెయ్యి తీసి, మంచం మీద కూర్చుని, తన లెక్కలో గుసగుసగా మొదలుపెట్టాడు.

"మోటరు తాళం తీస్త. కని ఇప్పుడే గాదు. పున్నమి నాడు, తాళం కరాబైందని తీస్త. వాని కోసం తీసిండని ఎవలు అనద్దు. ముందుగాల వాడు గేటు తియ్యాలె."

"సరే బాపూ" అన్నాను. నా ఆనందం ఇంతా అంతా కాదు.

"ఇంకో మాటున్నది" అని బాపు కళ్లు మూసుకున్నాడు. కష్టమైన మాట చెప్పేటప్పుడు ఆయన అంతే, ఎదుటివాళ్లను చూడలేడు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. షెడ్డు రెండు మూడుసార్లు దడదడమని ఆగిపోయింది. ఫ్యాన్లు, మిక్సీలు, టీవీలు అన్నీ ఒక్కసారిగా ఆగి, గల్లీలో రేకుల మీద జల్లు చప్పుడు తప్ప ఇంకేమీ మిగల్లేదు. నేను చెయ్యెత్తాను, ఆగమని. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాయి. మోకాలు తట్టాను. "ముందుగాల ఇను" అని నా చెయ్యి పట్టుకుని అదే గొంతుతో చెప్పుకుపోయాడు.

"గిది వానికొక్కనికే చెప్పాలె. నాకు ఇనబడ్తలేదు బిడ్డా. సాంచ చప్పుడుగూడ ఇనబడ్తలేదు. చెయ్యి పెడ్తెనే ఎరుక. వాడు పక్కనుంటెనే నాకు పని. వాడు పోతే నేను ఖతం. నన్నిడిసిపెట్టి పోవద్దని చెప్పు. బుచ్చిరాములు చెవుల పడ్డదంటే తెల్లారి నన్ను కార్ఖానల అడుగు పెట్టనియ్యడు. గల్లీల పురుగుకు గూడ తెల్వద్దు."

గల్లీలో పురుగుకు కూడా తెలియనిది ఏమీ మిగల్లేదు. ప్రతి మాటా తలుపు దాటి, గడపలు దాటి, ఎదురింటి అరుగు మీద స్పష్టంగా పడింది. కిటికీలోంచి చూశాను. ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. బుచ్చిరాములు చాయ్ గ్లాసు నోటిదాకా వెళ్లి అక్కడే నిలిచిపోయింది. ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. అయిపోయింది, బాపు పని అయిపోయింది అనుకున్నాను. ఆ మొండి మనిషి మొహంలో ఏం కదులుతోందో నాకు అర్థం కాలేదు.

బుచ్చిరాములు గ్లాసు కింద పెట్టాడు. పక్కనే కూర్చున్న భార్య వైపు తిరిగి, గల్లీ అంతా దద్దరిల్లేలా అరిచాడు.

"ఏమే, గా టీవీ బంద్ పెట్టు! చెవులు పగులుతున్నయి, ఏం ఇనబడ్తలేదు!"

కరెంటు లేదు. టీవీ లేదు. ఆమె ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "పెడ్తున్న, పెడ్తున్న, గింత లొల్లేంది!" అని లేచి లోపలికి వెళ్లింది. ఆ వెనకే గడపల్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే, కూర మాడుతోందని ఒకరు, పిల్లాడు లేచాడని ఒకరు, లోపలికి సర్దుకున్నారు. గల్లీ ఖాళీ అయింది. నా కళ్లు నిండిపోయాయి.

బాపు కళ్లు తెరిచాడు. "గదేంది, ఏడుస్తున్నవు?"

ఏమీ లేదని తల అడ్డంగా ఊపి మెట్లెక్కాను.

చిన్నాయన గేటు కడ్డీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు సవరించుకుని, "ఏంది బిడ్డా, గిట్లొచ్చినవ్?" అన్నాడు.

"బాపు నీకొక మాట చెప్పమన్నడు."

"అట్లనా. నాకేం ఇనబడలే. మొదటికెల్లి చెప్పు."

మొదటి నుంచి చెప్పాను, ఒక్క ముక్క పోకుండా. మొదటిసారి వింటున్నట్టే విన్నాడు. చివరికి వచ్చేసరికి గేటు మీద నుదురు ఆనించి భోరుమన్నాడు. కాసేపటికి తేరుకుని, "నేను పట్టియ్యలే బిడ్డా" అన్నాడు. "ఆయన దగ్గు ఎంత పెద్దగున్నదో ఆయనకు ఎరుక లేదు. చెవుల పడితెనే గద? పైనున్న నాకు ఇనబడుతుండె. తెల్లార్లు ఇనుకుంట కూసుంటి. దగ్గు లేదని ఆయన సర్వేవాళ్లతోని అనంగనే నా పానం ఆగలె. దవాఖానకు పోతే బతుకుతడని అరిచిన. గీ ముక్క అన్నకు ఎరుకైతే సాలు. ఇంకేమొద్దు."

సాయంత్రం కరెంటు వచ్చి షెడ్డు నడిచాక, గోడ మీద చెయ్యి పెట్టి చూసుకుని, ఆ ముక్క బాపుకు చెప్పాను. ఆయన తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని కావాలని ఒకసారి దగ్గి చూసుకున్నాడు.

"గంత పెద్దగుండెనా?" అన్నాడు.

"గంత పెద్దగనే ఉండె బాపూ."

"నా కోసం తెల్లార్లు కూసున్నడా, పిచ్చోడు" అని తల దించుకున్నాడు.

చీకటి పడకముందే చిన్నాయన పానా తెచ్చి గేటు విప్పాడు. "తుప్పు పట్టింది, పిల్లలకు గీరుకుంటది!" అని గల్లీ మొత్తానికి చెప్పాడు. మా ఇంట్లో పిల్లలెవరూ లేరు. ఎవరూ అడగలేదు. బాపు గడపలో నిలబడి చూస్తున్నాడు. చిన్నాయన గేటు భుజాన వేసుకుని మెట్ల మీదే ఆగి, కంటి కింద వేలు పెట్టి, ఆ చెయ్యి అన్న వైపు చాపాడు. నీ సాంచాలు నేను చూసుకుంటా. బాపు గుప్పిట నోటి దగ్గరికి తెచ్చాడు. ఇద్దరూ మా గడపలో కూర్చుని, ఒక్క మాట లేకుండా చాయ్ తాగారు.

మర్నాడు బుచ్చిరాములు చిన్నాయనను పిలిచి, "రాత్రి పాళీల మనుషులు ఎక్కువైండ్రు. నువ్వు పగటికి రా. మీ అన్న పక్క వరుసల సాంచాలు ఖాళీగున్నయి. ఆయన మీద జర కన్నేసి ఉంచు, చాయ్‌కి ఎక్కువ పోతుండు" అన్నాడట. సామాను బండి రాలేదు.

నా మౌఖిక పరీక్ష ఫోన్లోనే జరిగింది, పైవాళ్ల వైఫై మీద. అంతమందికి తెలిసిన ఒప్పందం అన్నేళ్లు గుట్టుగా ఎలా ఉండగలిగిందని మేడమ్ అడిగారు. పుస్తకాల్లో ఉన్నది చెప్పాను. తర్వాత, "ఎదుటివాళ్లు నిలబడాలని తెలిసినవాళ్లందరూ అనుకుంటే ఉంటుంది మేడమ్" అన్నాను. అది ఏ పుస్తకంలో ఉందని అడిగారు. లింబాయత్‌లో ఉందని చెబుదామనుకుని ఊరుకున్నాను.

నూలు పున్నమి నాడు ఊరేగింపు లేదు, కరోనా. ఇంట్లోనే బాపు తమ్ముడికి జంధ్యం వేశాడు. అది అయ్యాక మోటరు గది దగ్గరికి వెళ్లి, "తాళం కరాబైంది" అని అందరికీ వినబడేలా ప్రకటించి, బాగానే ఉన్న తాళాన్ని తీసి అవతల పారేశాడు. అవునవును, వానకు తుప్పు పట్టి ఉంటుందని చిన్నాయన వంత పాడాడు.

తర్వాత బాపు కొత్త జంధ్యంతో, కొత్త పంచెతో గడపలో నా పక్కన కూర్చున్నాడు. పండగ కాబట్టి షెడ్డు నడవడం లేదు. ఆ రోజు గోడ మీద చెయ్యి పెట్టి చూసుకోవాలని కూడా ఆయనకు తోచలేదు, అంత సంతోషంగా ఉన్నాడు. నా వైపు వంగి గుసగుసలాడాడు.

"చదువుకున్నదానివి అనిపిచ్చినవ్ బిడ్డా. ఇన్ని దినాలాయె, నాకు చెవుడున్న సంగతి గల్లీల ఒక్కనికి తెల్వదు. నీ కడుపుల మాట దాగుతది."

ఎదురింటి అరుగు మీద బుచ్చిరాములు తలెత్తాడు. భార్య ఆయన పక్కనే కూర్చుని పూలు కడుతోంది. వాళ్ల టీవీ చెడిపోయి మరమ్మతుకు వెళ్లిందని గల్లీలో అందరికీ తెలుసు.

"ఏమే," అని అరిచాడు, "గా టీవీ బంద్ పెట్టు, ఏం ఇనబడ్తలేదు!"